నిప్పు పెరటిలో, వెచ్చదనము గదిలో

పుష్యమాసపు చలి సోకగానే మన యిండ్లలో అటకమీదినుండి రెండు వస్తువులు దిగును. ఒకటి కంబళి, రెండవది కుంపటి. కంబళిని గూర్చి నేను చెప్పవలసినదేమియు లేదు. కుంపటిని మాత్రము ఈ యేడు అటకమీదనే యుంచి, దానికి బదులు పెరటిలో ఇటుకలతో నొక నీళ్ళపొయ్యి కట్టుకొనుడని సోదరీమణులకు జెప్పుటకే ఈ మాసపు పుటలను వినియోగించుచున్నాను. నిప్పు బయట నుండవలెను. దాని వేడిమిని నీరు మోసికొని లోనికి రావలెను.

హైదరాబాదులో చలి యెక్కడిదమ్మా యని కృష్ణా గోదావరీ తీరముల సోదరీమణులు నవ్వవచ్చును. ఈ నగరము సముద్రమట్టమునకు 1,700 అడుగులకు పైబడిన యెత్తున, దక్కను పీఠభూమిపై నున్నది. 1946 సంవత్సరము జనవరి 8వ తేదీన ఇచ్చట ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగినది. అట్టి దినము లరుదు. కాని డిసెంబరు, జనవరి మాసములలో 15 డిగ్రీలకు దిగువనుండు రాత్రులు సామాన్యము. అందులోను పాతబస్తీలోని పూర్వపు టిండ్లు వేసవికై కట్టినవి. మందపు సున్నపు గోడలు, నడుమ ఆకాశము కనబడు వాకిలి, నేలకు షాబాదు బండలు. వైశాఖమున ఆ యిల్లు స్వర్గము. పుష్యమున తెల్లవారుజామున ఆ బండపై కాలు మోపజాలము. పడుచువారు ఓర్చుకొందురు. ముసలివారికి, పసిబిడ్డలకు, బాలింతలకు మాత్రము వెచ్చదనము కోరిక గాదు, అవసరము.

బాలింతరాలి గదిలో కుంపటి పెట్టుట మన తాతమ్మల నాటినుండి వచ్చిన యాచారము. నాడు ఆ గది పెంకుటింటిలో నుండెడిది. పెంకుల సందులనుండి గాలి తనంత తాను వచ్చి పోవుచుండెడిది. నేడు గదికి సిమెంటు కప్పు, బిగుతైన తలుపు, అద్దాల కిటికీ. ఆచార మట్లే యున్నది గాని గది మారినది.

మూడేండ్ల క్రిందట మా గౌలిపుర సందులో నొకరి కుమార్తె తొలికాన్పునకు పుట్టింటికి వచ్చెను. పురుడు గడచి పండ్రెండవనాటి రాత్రి చలి మిక్కుటమైనది. అమ్మమ్మగారు బొగ్గుల కుంపటి రాజేసి మంచము ప్రక్క నుంచి, కిటికీ సందులలో గోనెపట్ట దూర్చి, తలుపు వేసిరి. తెల్లవారుసరికి పిల్లకు తలనొప్పి, వాంతి. పిలిచిన బదులు పలుకదు. శిశువు పాలు తాగుట లేదు. దిష్టి తగిలినదని అమ్మమ్మగారు ఎండుమిరపకాయలు దిగదుడిచి ఆ కుంపటిలోనే వేయబోవుచుండగా నేను మావారితో గూడ వెళ్ళితిని. ఆయన బడిలో పిల్లలకు రసాయనశాస్త్రము చెప్పువారు. గడపలో అడుగిడగానే తలుపులు, కిటికీలు బార్లా తెరిపించి, తల్లిని బిడ్డను వాకిలిలోనికి మోయించి, ఆటో పిలిపించిరి. ఆసుపత్రిలో ప్రాణవాయువు పట్టిరి. దైవకృపచే ఇరువురును బ్రదికిరి. ఆ మధ్యాహ్నము అమ్మమ్మగారు నా చేతులు పట్టుకొని, “పొగ ఇంతైనా లేదు గదటమ్మా! నిప్పులు కణకణలాడుతూ ఉన్నాయి. పొగ లేని నిప్పు ఏం చేస్తుంది?” అని మరల మరల అడిగిరి.

ఆ ప్రశ్న వినగానే నాకు మా నాయనగారు నేర్పిన తర్కసంగ్రహము జ్ఞప్తికి వచ్చినది. పొగ యున్నచోట నిప్పుండునని చెప్పవచ్చును గాని, నిప్పున్నచోటనెల్ల పొగ యుండునని చెప్పరాదని తార్కికులు ఎర్రగా కాలిన యినుపగుండును దృష్టాంతముగా జూపుదురు. నిప్పునుండి పొగ వచ్చుటకు తడికట్టెతో దానికి సంబంధము కలుగవలెనట. శాస్త్రార్థమునకై చెప్పిన యా మాట వంటింటికి గూడ అక్షరాల చెల్లును. పొగ యనునది సగము కాలి తప్పించుకొని పోవుచున్న కట్టెయే. తడి యెక్కువైనను, గాలి తక్కువైనను, నిప్పు చల్లబడినను పొగ వచ్చును.

అయితే పొగ లేనంతమాత్రమున నిప్పు నిరపాయమని తలపరాదు. బొగ్గు చాలినంత గాలి లేక కాలునపుడు కార్బన్ మోనాక్సైడను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, కన్నులు మండవు, దగ్గు రాదు. రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థమును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. మనిషికి మత్తు వంటి నిద్ర వచ్చును. లేచి తలుపు తీయుదమన్న తలంపే పుట్టదు. ఉత్తర హిందూస్థానమున ప్రతి శీతకాలమును ఇట్లు కుంపటి ప్రక్క నిదురించి మరి లేవని కుటుంబముల వార్తలు పత్రికలలో చూచుచునే యున్నాము. కిటికీ లేని స్నానపు గదిలో బిగించిన గ్యాసు గీజరును ఇట్టి విషమునే పుట్టింపగలదు. అది గోడ కావల నుండవలెను.

పూర్వులకు ఆ వాయువు పేరు తెలియకున్నను జాగ్రత్త తెలియును. చరకసంహిత సూత్రస్థానమున స్వేదవిధులు పదుమూడు చెప్పబడినవి. అందు జేంతాకమను విధికి ప్రత్యేకముగా నొక గృహమును అనేక గవాక్షములతో గట్టి, నడుమ మట్టిపొయ్యి నిర్మించి, చండ్ర మున్నగు కట్టెలను గాల్చవలెను. కట్టెలు చక్కగా గాలి, పొగ పూర్తిగా వెడలిన పిదపనే రోగిని లోనికి బంపవలెను. కాల్చుట ముందు, మనిషి ప్రవేశము తరువాత. గవాక్షము లనేకములని ఆ మహనీయులు వ్రాసిన మాటను మన కుంపటి యాచారము ఏనాడో మరచినది.

హమాములలోనైతే నిప్పును ఏకముగా గోడ కావలికే త్రోసివేసిరి. గోలకొండ చెంత కుతుబ్ షాహీ సమాధుల తోటలో, రాజవంశీయుల దేహములకు అంత్యస్నానము చేయించిన హమామొకటి నేటికిని చూడవచ్చును. తురుష్క పారసీక పద్ధతిలోని యిట్టి స్నానశాలలలో కొలిమి బయట మండును. లోనికి వచ్చునది వేడినీరును, వెచ్చని గోడయు మాత్రమే. కాశ్మీరమున గొప్ప యిండ్లలోను, మసీదులలోను రాతినేల క్రింద బోలుగా విడిచి, బయటి గూటిలో కట్టెలు వేయుదురు, నేలయే వెచ్చనగును. కొరియావారి ఓండోల్ యను పద్ధతియు నిట్టిదే. మన చలికి అంత యేర్పాటు అక్కరలేదు. పెరటిలో నొక నీళ్ళపొయ్యి చాలును.

పొగను ఇల్లు దాటింపవలెనను విద్యలో మన నగరమునకొక గౌరవస్థానము గలదని ఎందరికో తెలియదు. హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజుగారు, మట్టితో గట్టుకొనదగిన పొగగొట్టపు పొయ్యి నొకదానిని రూపొందించి, లక్షలాది యిండ్లకు పొగలేని వంటిల్లు అను నర్థము వచ్చు పేరుతో 1953లో ఆంగ్లమున నొక పుస్తకము ప్రకటించిరి. ఒకే నిప్పుమీద వరుసగా పాత్రలు. మొదటి పాత్రను దాటిన వేడి రెండవదానికి, అటుపై గొట్టమునకు. తరువాత 1983లో కేంద్రప్రభుత్వమువారు మెరుగుపరచిన పొయ్యిల పథకమును దేశమంతట నడిపి 2002లో నిలిపివేసిరి. ఆ పొయ్యిలలో అనేకములు బీటలువారి, గొట్టములు మసితో పూడి మూలబడినవి. గొట్టము మితిమీరి గాలి లాగినచో వేడిమి యంతయు ఆకాశమునకే పోవుననియు పరీక్షలలో తేలినది. కట్టిచ్చిపోవువారు వేరు, దినదినము దులుపుకొనువారు వేరు. ఆ దులుపుకొను స్త్రీని ముందుగా నెవ్వరును అడుగలేదని నా తలంపు.

ఇక మా పొయ్యి సంగతి. దానిని గట్టినది రంజాను మాసమున హలీము బట్టీలు గట్టు నొక వృద్ధుడు. ఆ వంటకమును మా యింట ముట్టరు గాని, ఆ బట్టీని చూచి నేర్చుకొనుటకు దోషము లేదు గదా! 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన నగరపు హలీమునకు, చార్మినారు చుట్టుపట్ల వీధి యంచులలో ఇటుకలు, మట్టి పేర్చి కట్టిన బట్టీలలో గంటల తరబడి కట్టెల మంట సాగును. ఆ వృద్ధుడు నా గీతల కాగితమును చూచి నవ్వి, “బేటీ, పహలే ఆగ్ కా ఘర్, బాద్ మే దేగ్ కా ఘర్” అనెను. ముందు నిప్పునకు ఇల్లు, తరువాత పాత్రకు ఇల్లు అని యర్థము. నేను చదివిన యే పుస్తకముకంటెను ఆ మాట నాకు ఎక్కువ నేర్పినది.

ఎట్లన, మన యిండ్లలో వెనుకటి రాగి బాయిలర్లుండెడివి. నడుమ నిప్పుగొట్టము, చుట్టును నీరు. చూచుటకు ముద్దుగా నుండును గాని, నిప్పు చల్లని రాగిగోడ నానుకొని యుండుటచే మంట పూర్తి గాకముందే చల్లారి పొగలు గ్రక్కును. అమెరికాలో మంచు గురియు రాష్ట్రమున నున్న మా చెల్లెలి వరుస యామె యింటి కెదుట నొక రేకులగూడు వంటి పెద్ద కొలిమి గలదట. అందు కట్టెలు మండగా చుట్టునున్న నీరు కాగి, భూమిలోని గొట్టములగుండ ఇంటిలోనికి పోయి గదులన్నిటిని వెచ్చబెట్టునట. ఇంటిలో సుఖమే గాని వీథివారికి పొగబాధ. అక్కడను దోష మిదియే: నీరు నిప్పునే నేరుగా చుట్టియుండుట. 2015లో ఆ దేశప్రభుత్వమువారు అట్టి కొలుములకు పొగ పరిమితులు విధించిరి. కనుక నిప్పునకు ఇటుకలతో వేడిగా నుండు గది నిచ్చి, అందు మంట తన పని ముగించుకొన్న పిదప పాత్రను తాకునట్లు చేయవలెను.

మేము చేసిన విధమిది. పెరటిలో గోడకు రెండు మూరల యెడమున, బట్టలు ఆరవేయు తీగకు దూరముగా స్థలము చూచితిమి. షాబాదు బండ నిప్పునకు పెళ్ళలుగా లేచును. మన నల్లరాయియు వేడికి పగులును. కావున బండపై నాలుగంగుళముల యిసుక పరచి, దానిమీద నొక వరుస కాలిన యిటుక వేసితిమి. దానిపై ఏడంగుళముల చదరపు నిప్పుగది. ముందువైపు ఆరంగుళముల నోరు. అడుగునకు రెండంగుళముల పైన ఇనుపచువ్వల జల్లెడ. కట్టె జల్లెడపై, గాలి జల్లెడ క్రింద. జల్లెడనుండి పాత్ర యడుగు వరకు పదునారంగుళముల యెత్తు. నిప్పుగది గోడకు వెలుపల రెండంగుళముల సందు విడిచి మరియొక గోడ లేపి, ఆ సందులో జల్లించిన బూడిద నింపితిమి. బూడిద వేడిమిని బయటికి పోనీయదు. అతుకుటకు సిమెంటు పనికిరాదు, వేడికి విచ్చిపోవును. పుట్టమన్ను, వరిపొట్టు, పేడ కలిపి మూడుదినములు నానిచ్చి త్రొక్కినదే మేలు.

పాత్రకు ఇల్లు దానిపైన. మూడు ఇటుకముక్కల మీద గుండి కూర్చుండవలెను. చుట్టును ఇటుక కంచె, నడుమ ముప్పాతిక యంగుళము సందు. వేడిగాలి ఆ సందులో గుండి యొడలెల్ల నిమురుచు పైకి బ్రాకి, వెనుకనున్న గొట్టములోనికి పోవును. ఈ సందు వెడల్పయినచో కట్టె వృథా, మరీ యిరుకైనచో పొగ నోటినుండి వెనుకకు మరలును. గొట్టము ఆరంగుళముల యినుపరేకుది. పిట్టగోడను మించి మూడడుగులు లేపితిమి. ఆస్బెస్టాసు గొట్టము చౌకగా వచ్చునని మేస్త్రీలు చెప్పుదురు, వలదు. మా గుండి నలువది లీటర్ల రాగిది. నల్లాను జానెడు గొట్టముతో ఇటుకల యావలికి దెప్పించితిమి. మూత ఊరక పెట్టినదే గాని బిగించినది గాదు. ఆవిరికి దారి లేని పాత్ర పగిలి ప్రాణము తీయగలదు. ఈ యొక్క విషయమున తెలివి చూపబోవు మేస్త్రీ మాటను వినవలదు. నీళ్ళు లేని గుండి క్రింద నిప్పు పెట్టరాదు. రసాయనములు నిలువచేసిన డ్రమ్ములను వాడరాదు.

కట్టె యెంత కలిసివచ్చునని మీరడుగుదురు. మావారు లెక్క వేసి చూపిరి. నలువది లీటర్ల నీటిని 18 డిగ్రీలనుండి 50 డిగ్రీలకు తెచ్చుటకు 1,280 కిలోకెలరీలు కావలెను. ఎండిన కట్టె కిలోలో సుమారు 3,500 గలవు. మూడురాళ్ళ పొయ్యిమీద నూటికి పండ్రెండు వంతులే నీటికి జేరునను కొన్నచో మూడు కిలోల కట్టె ఖర్చగును. నూటికి ముప్పదియైనను జేరు పొయ్యిలో కిలోకు పైచిలుకు చాలును. మా యింట నలుగురి స్నానములు అంతలోనే ముగియుచున్నవి.

గది వెచ్చబెట్టుటకు మేము చేయునది చాల సులభము. రాత్రి పడుకొనుటకు ముందు ఇరువది లీటర్ల నీరు 60 డిగ్రీలకు కాచి, మూతగల గంగాళములో పోసి గదిలో నుంచుదుము. అది 30 డిగ్రీలకు చల్లారులోపల 600 కిలోకెలరీలు గదికి ఇచ్చును. ఏడువందల వాట్ల కరెంటు హీటరు ఒక గంట వెలిగినదానితో సమానము. మన చలికి, తలుపున కొక దుప్పటి తెర వ్రేలాడదీసినచో, అది చాలును. గవాక్షము తెరచియుంచుటకును భయము లేదు. మూత లేనిచో గోడలు చెమ్మగిల్లును. ప్రాకు పిల్లలున్న యింట గంగాళమును ఎత్తుబల్లపై గాక, గది మూలలో, పీటలు అడ్డుపెట్టి నేలమీదనే యుంచవలెను. అంత వేడినీరు పసివాని చర్మమును కొన్ని క్షణములలో గాల్చును. శిశువునకు నీళ్ళు పోయునపుడు ముందు చన్నీరు, పిదప వేన్నీరు తొట్టిలో పోయవలెనే గాని తలక్రిందులుగా గాదు. మోచేయి ముంచి చూచుకొనవలెను.

కట్టెల విషయమున ఒక మాట. తుమ్మ, సర్కారుతుమ్మ, మామిడి, ఏదైనను చీల్చి, వానకు తడియని చావడిలో ఒక యేడాది యెండనిచ్చినది మేలు. రెండు ముక్కలు తట్టినపుడు ఖణిల్లుమనవలెను. మణికట్టు లావునకు మించరాదు. అడితివాడు తూకము పెరుగుటకై తడిపి యమ్మినచో మన డబ్బుతో నీరు కొన్నట్లే. గన్నేరు కట్టె యెంత యెండినను విషమే. వడ్రంగి దుకాణములో ఊరక వచ్చు ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన తలుపుచెక్కలు పొయ్యిలోనికి రానీయరాదు.

ఈ పొయ్యి అందరికిని కాదు. నలుప్రక్కల మూడంతస్తుల మేడలు మూసికొన్న యిరుకు సందులో, మన గొట్టపు నోరు పొరుగువారి పడకగది కిటికీకి ఎదురైనచో, మన సుఖము వారికి దగ్గు. ఇంటి పొగ మూలమున 2020లో ప్రపంచమున 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ యంచనా. పొగను మన యింటినుండి పంపి పక్కింటిలోనికి దోలుట ధర్మము గాదు. అట్టివారు కరెంటుతో నీళ్ళు కాచుకొనుటయే మేలు. నేను పైన జెప్పిన నలువది లీటర్లకు అది యూనిటున్నర మాత్రమే. పెరడు గలవారికి, పెద్ద కుటుంబమువారికి, కొమ్మలు రాలు చెట్లున్నవారికి, కరెంటు నమ్మరాని యూళ్ళవారికి నేను వ్రాయుచున్నాను. బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టరాదన్నది మాత్రము అందరికిని వర్తించును.

మట్టి పచ్చిగానున్నపుడే తొందరపడి మండింపకుడు. నీడన పది దినము లారనిచ్చి, పిదప మూడు సాయంకాలములు నాలుగు పుల్లలు మాత్రము వేసి వెచ్చజేయవలెను. అప్పుడు కనబడు సన్నని బీటలను అలుకుడుమట్టితో రుద్దవలెను. నెల కొకసారి గొట్టము దింపి మసి దులుపవలెను. బూడిదను మరునాడుగాని తీయకుడు, తీసినను ఇనుపబాల్చీలోనికే గాని గోనెలోనికి గాదు. దానిలో నిప్పుకణము రెండు దినములైనను బ్రదికి యుండగలదు. జల్లించిన బూడిద రాగిగుండి తోముటకు చింతపండుతో బాటు బాగుగ పనికివచ్చును.